తాత చూసిన సముద్రం

కోవిల్‌పట్టిలో బస్సెక్కిన ఒక కాలేజీ పిల్ల నా పక్కన కూర్చుంది. నేను ఫోనులో ఇంటివాళ్లతో తెలుగులో మాట్లాడటం విని, తనూ తమిళం వదిలి తెలుగులోకి దిగింది. యూనివర్సిటీలో తీరప్రాంత చరిత్ర మొదటి ఏడాదట. సముద్రంతో పనిపడ్డ కుటుంబం ఏదైనా చూసి, వాళ్ల మాటలు రాసుకురమ్మన్నారట.

"మా తాతకి తూత్తుకుడి రేవులో పన్నెండు ఓడలుండె," అన్నాను.

ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. సాత్తూరు వచ్చేసరికి ఆ రాత చూసి నాకే సిగ్గేసింది.

"అది కొట్టెయ్‌మ్మా. ఓడలూ లేవు, ఏమీ లేవు. పత్తి బండికెత్తి రేవుకి తోలేవాడు. వచ్చేటప్పుడు ఉప్పేసుకొచ్చేవాడు."

"ఇదే కావాల తాతా నాకు. ఓడలోళ్ల కతలు బుక్కులో శానా ఉండాయి," అని నవ్వి, కొట్టేసి మళ్లీ రాసింది. "సముద్రం చూసి ఏం చెప్పినాడు మీ తాత?"

"చూస్తా నిలబడితే ఎద్దుల్ని కూడా మరిచిపోతానని చెప్పినాడు."

అదీ రాసుకుని విరుదునగర్‌లో దిగిపోయింది.

తాత ఏమనుకున్నాడో నిజానికి నాకు తెలియదు. బండి నుంచి ఉప్పు దించుతుంటే పక్కనే నిలబడేవాణ్ణి కాని, ఒక్కసారీ అడగలేదు. ఆ మాట కూడా కొట్టెయ్యమని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.