షిఫ్టు గ్రూపులో నా తెలుగు

తిరువళ్లూరు ఫ్యాక్టరీలో మా సూపర్‌వైజరుతో పదేళ్లుగా అరవంలోనే మాట్లాడేవాణ్ణి. తిరుత్తణి కొండమీద మురుగన్‌కు జరిగే ఆడికృత్తిక పండక్కి ఆయన లీవు ఇవ్వలేదు. ఆ మంటలో, కొండకున్న మెట్లన్నిటికీ మెట్టుకొకటి చొప్పున తెలుగులో తిట్లు పేర్చి, నా భార్యకు వాట్సాప్‌లో వాయిస్ పంపాను. అది పొరపాటున, ఆయన కూడా ఉన్న మా షిఫ్టు గ్రూపులో పడింది. కంగారుగా చెరిపితే నా ఫోనులో మాత్రమే పోయింది. ఆయనకు తెలుగు రాదులే అనుకున్నాను.

మర్నాడు ఆయన దగ్గర్నుంచి పిలుపొచ్చింది. ఉద్యోగానికి మనసులోనే కర్మకాండ జరిపించి వెళ్లాను.

"ఏమయ్యా, మా ఇంట్లోనూ తెలుగే. మాయమ్మకు గూడా వినిపించినా. ఇంత మంచి తెలుగు విని ఎన్నాళ్లయిందో అనింది. పో, లీవు తీసుకో" అన్నాడు.

పదేళ్లలో తెలియని సంగతిని వాట్సాప్ ఒక్క నిమిషంలో తేల్చింది. నష్టమూ తక్కువ కాదు. ఆయన్ను తిట్టుకోవడానికి ఇప్పుడు నాకు భాషే మిగల్లేదు.