అనగనగా ఒక ఆయన

ఆ రోజుల్లో భావనపాడు పక్క పేటలో అంగన్‌వాడీకి వెళ్లిన పిల్లల్ని ఎవరినైనా కథ చెప్పమని అడిగితే, "అనగనగా ఒక ఆయన. ఆ ఆయనకి ఇద్దరు పెళ్లాలు" అని మొదలుపెట్టేవాళ్లు. రాజు అనేవాళ్లు కాదు. వాళ్లకి కథలు నేర్పింది ఆయా సూరమ్మ. సూరమ్మ మొగుడి పేరు యువరాజు, పేటంతా రాజు అనే పిలిచేది. మొగుడి పేరు నోటంట అనకూడదు గనక కథల్లో రాజులందరూ ఆయనలైపోయారు. రాజాం వెళ్లే బస్సు కూడా ఆమెకి "ఆ ఊరి బస్సే".

సముద్రం మీదికి వెళ్లే మనిషి పేరు పెళ్లాం నోట్లో నలిగితే ఆయుష్షు తరిగిపోతుందని, కాపురానికొచ్చిన మొదటి రోజే అత్త బంగారమ్మ చెప్పింది. నిజమో కాదో సూరమ్మ ఎప్పుడూ తర్కించలేదు. మొగుడు రోజూ నీళ్ల మీదికి వెళ్తున్నాడు, రోజూ తిరిగొస్తున్నాడు. బాగా జరుగుతున్నదాన్ని చెడగొట్టుకోవడం దేనికని ఊరుకుంది. రెండు వేల నాలుగు వేసవిలో ఆ ఊరుకోవడానికే ముప్పొచ్చింది.

అంగన్‌వాడీ టీచరమ్మకి పెళ్లి కుదిరి పలాస వెళ్లిపోతోంది. సూపర్‌వైజరమ్మ వచ్చి, "సూరమ్మా, నువ్వు పదో తరగతి పాసైతే ఈ ఉద్యోగం నీదే. జూలైలోగా కాగితం చూపించాలి. లేదంటే నౌపడ నుంచి ఒకమ్మాయి వస్తుంది" అని చెప్పి వెళ్లింది. ఎనిమిదేళ్లుగా ఆ గదిని ఊడ్చి, ఉప్మా వండి, ముక్కులు తుడిచి, పాటలు నేర్పింది సూరమ్మ. ఏ గుంటడి ఏడుపు ఆకలిదో, ఏ గుంటడి ఏడుపు అలకదో గోడ అవతలనుంచి చెప్పగలదు. ఆ పిల్లల్ని ఇంకొకరి చేతిలో పెట్టి, మళ్లీ చీపురు పట్టుకుని నిలబడడమన్న మాట తలుచుకుంటేనే ఆమెకి అన్నం సయించలేదు.

పదో తరగతిలో అన్నీ పాసైంది, ఒక్క ఇంగ్లీషు తప్ప. అందులో ముప్ఫయ్యొకటి. నాలుగంటే నాలుగు మార్కులు తక్కువ. అప్పుడామెకి యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ ఎంతకీ తలకెక్కలేదు. ఆ ప్రశ్నకి ఐదు మార్కులు.

అందుకని మధ్యాహ్నం కేంద్రానికి తాళం వేసి, ఆటో ఎక్కి టెక్కలి వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ జక్కయ్య మేష్టారని, ముప్ఫయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఆయన ఉన్నారు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో కానుకల పళ్లెం పడతారు, మిగతా ఆరు రోజులు ఇంటి వరండాలో ఇంగ్లీషు తప్పినవాళ్లని ఒడ్డున పడేస్తారు. పదహారేళ్ల పిల్లల మధ్య ముప్ఫై దాటిన సూరమ్మ కొంగు బిగించుకుని చాపమీద కూర్చుంది.

"చూడమ్మా, పని చేసినవాడు ముందుంటే యాక్టివ్. పని దేనికి జరిగిందో అది ముందుకొస్తే పాసివ్. చేసినవాడు వెనక్కెళ్లి 'బై' పక్కన నిలబడతాడు. అర్థమైందా?"

"ఇదెంతపని బాబూ" అంది సూరమ్మ. "రేవులో రోజూ జరిగీదే కదా. పడవొచ్చినాక అందరూ సేప మొకమే సూత్తారు. పట్టినోడు ఎనకాల నిలబడతాడు."

మేష్టారు సుద్దముక్క కింద పెట్టి ఆమె వైపు చూశారు. ముప్ఫయ్యేళ్లలో ఇంత బాగా చెప్పినవాళ్లు తనతో సహా ఎవరూ లేరు. ఉత్సాహం పట్టలేక బోర్డు మీద 'రాజు ఈట్స్ ఎ మ్యాంగో' అని రాసి, మార్చమన్నారు.

"ఎ మ్యాంగో ఈజ్ ఈటెన్ బై..." అని సూరమ్మ ఆగిపోయింది.

"బై?"

సూరమ్మ చాప అంచు లాగుతూ కూర్చుంది.

ఇంకోటి రాశారు. రాజు పాముని చంపాడు. పాము చావడం వరకూ చక్కగా చెప్పి, మళ్లీ 'బై' దగ్గర ఆగిపోయింది. జక్కయ్య మేష్టారి ఉదాహరణల్లో ఏ పనైనా రాజే చేస్తాడు. ఉత్తరాలు రాస్తాడు, గాలిపటాలు ఎగరేస్తాడు, కిటికీలు బద్దలుకొడతాడు. వారం రోజులు ఇలాగే జరిగింది. తెలివైన మనిషి చివరి మాట దగ్గర ఎందుకు మొరాయిస్తోందో ఆయనకి అంతుపట్టలేదు. ఒకరోజు విసుక్కున్నారు కూడా. ఆ రోజు సూరమ్మ ఆటోలో ఏడుస్తూ ఇంటికి వెళ్లింది.

వారం చివర నమూనా పరీక్ష పెట్టారు. అందులో ఒక చిన్న కథ ఇచ్చి, కింద ప్రశ్నలు ఇచ్చారు. ఆరో తరగతి చదివే రాజు పొరుగింటి తోటలో పళ్లు దొంగిలించి, తల్లి చేత దెబ్బలు తింటాడు. మేష్టారు కాగితాలు దిద్దుతూ సూరమ్మ కాగితం దగ్గరికొచ్చేసరికి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

'మై హజ్బెండ్ ఈజ్ స్టడీయింగ్ సిక్స్త్ క్లాస్' అని రాసి ఉంది. దాని కింద, 'మై హజ్బెండ్ స్టోల్ ద ఫ్రూట్స్'. ఆఖర్న వ్యాకరణంలో ఒక్క తప్పు లేకుండా, 'మై హజ్బెండ్ వాజ్ బీటెన్ బై హిజ్ మదర్'.

మేష్టారి నవ్వుకి లోపల్నుంచి భార్య మిరియమ్మగారు టీ గ్లాసుతో వచ్చి, కాగితం చూసి, ఆయన కంటే ముందు సంగతి పట్టేసింది.

"మీ ఆయన పేరు రాజేటమ్మా?"

సూరమ్మ కొంగుతో మొహం కప్పుకుని తలూపింది.

"ఆ ముక్క మొదటిరోజే చెప్పకూడదూ! ఊరికే కేకలేశాను" అన్నారు మేష్టారు. ఆయనకి నిజంగానే బాధేసింది. "నా బోర్డు మీదైతే రేపట్నుంచి గోపాల్ అని రాస్తాను. కానీ పరీక్ష పేపరు హైదరాబాదు నుంచి వస్తుందమ్మా. రాజు లేని ఇంగ్లీషు పేపరు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. దిద్దేవాడికి మీ ఆయనెవరో ఏం తెలుసు? అడ్డంగా కొట్టేస్తాడు."

ఆ సాయంత్రం సూరమ్మ ఇంట్లో ఈ సంగతి చెబితే యువరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మూలన కూర్చుని ఎండుచేపలు ఏరుతున్న బంగారమ్మ మాత్రం నవ్వలేదు.

"అందులో అబద్ధమేటుంది?" అంది. "మందసోల తోటలో జీడిమామిడి పళ్లు దొంగతనం సేసినాడు. నానే కొట్టినాను. ఆ మేష్టరుకెవులు సెప్పినారు?"

అది వేట నిషేధం రోజులు. ఏప్రిల్ నడుమనుంచి మే ఆఖరుదాకా పడవలన్నీ ఇసకలో బోర్లా పడుకుంటాయి. యువరాజుకి వలలు అల్లుకోవడం తప్ప పని లేదు. పెళ్లాం ఇంగ్లీషుకి తానే ఒక చెయ్యి వేస్తానన్నాడు. అతనికి అక్షరం ముక్క రాదు, చేయాల్సిందీ ఒకే ఒక్క మాట. సూరమ్మ గుమ్మంలో పుస్తకం పెట్టుకుని, "ఎ లెటర్ ఈజ్ రిటెన్ బై" అనేది. అరుగు మీద వల అల్లుతూ అతను "రాజు!" అని కేకేసేవాడు. "ద విండో వాజ్ బ్రోకెన్ బై" అంటే ఇంకా గట్టిగా "రాజు!" మూడో రోజుకి పేట పిల్లలంతా చేరి కోరస్ అందుకున్నారు. నెల్లాళ్లపాటు ఆ పేటలో ఏ కిటికీ పగిలినా, ఏ పండు మాయమైనా, పిల్లలు ఇంగ్లీషులో యువరాజు మీదికే తోసేశారు.

ఇంత సందడిలోనూ సూరమ్మకి ఒక బెంగ లోపల ఉండిపోయింది. పరీక్ష జూన్‌లో. అప్పటికి పడవలు నీళ్లలో ఉంటాయి, 'బై' అనగానే కేకేసే మనిషి అరుగు మీద ఉండడు.

అనుకున్నట్టే అయింది. పరీక్ష రోజు తెల్లవారకముందే యువరాజు వేటకి వెళ్లాడు. పొద్దెక్కేసరికి గాలి లేచింది. తుపాను కాదు, కాస్త ఈదురు గాలి, అంతే. సూరమ్మ తలదువ్వుకుని, హాల్‌టికెట్టు చేత్తో పట్టుకుని, గుమ్మంలో కూలబడింది. టెక్కలి ఆటో వీధి చివర హారను కొడుతోంది.

"నానెల్లనత్తా" అంది.

బంగారమ్మ ఎండుచేపల బుట్ట నెత్తికెత్తుకోబోతున్నదల్లా ఆగింది. "ఏటయింది?"

"ఆయన నీళ్ల మీదున్నాడు. ఇప్పుడు ఆ పేరెలా రాయను? ఏటైనా అయితే జన్మంతా ఏడాల. ఉద్దోగం పోతే పోయింది, నాకు బావ కావాల."

బంగారమ్మ బుట్ట కింద పెట్టింది. కోడలు ఈ నియమాన్ని నేర్చుకున్నది తన దగ్గరే. తాను తన అత్త దగ్గర నేర్చుకుంది. ఆమె కాసేపు సముద్రం వైపు చూసి, కోడలి చేతిలో కాగితం వైపు చూసింది.

"మా అత్తోలు నోటితో అనొద్దన్నారు. సేత్తో రాయొద్దని ఎవులూ అన్నేదు" అంది నెమ్మదిగా. "మాలో ఎవులికి రాతొచ్చును గనక, అలాగనడానికి? నువ్వు నోరు మూసుకుని రాసీ. సముద్రానికి సదువొచ్చేటి?"

సూరమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"ఎల్లవే! ఆటో ఎలిపోతంది!"

సూరమ్మ పరుగెత్తింది. పరీక్ష హాల్లో పేపరు అందుకోగానే ముందు వాయిస్ ప్రశ్న వెతికింది. ఐదు వాక్యాల్లో మూడోది సాక్షాత్తూ ఆయనే. రాజు ఉత్తరం రాశాడు. సూరమ్మ పెదాలు రెండూ బిగించి, ఊపిరి కూడా బిగబట్టి, ఉత్తరాన్ని ముందుకి తెచ్చి, 'బై' రాసి, పక్కన పెద్ద ఆర్ పెట్టి, మిగతా మూడు అక్షరాలు గబగబా దింపేసింది. కిటికీలోంచి చూసింది. ఎండ అలాగే కాస్తోంది. మిగతా పేపరంతా ఒక్క గుక్కలో రాసేసింది.

ఆటో దిగి రేవుకి ఒకటే నడక. యువరాజు పడవ పక్కన నిలబడి వల దులుపుతున్నాడు. సూరమ్మ అతన్ని తలనుంచి కాలిదాకా చూసుకుంది. ఒళ్లంతా ఉప్పు, చేపపొలుసు, ఎప్పటి మనిషే. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఏటి, నానొచ్చినానా పేపర్లో?" అన్నాడు.

"వొచ్చినావు."

"ఏటి సేసినాను ఈపాలి?"

"ఉత్తరం రాసినావు."

"నానా!" యువరాజు వల వదిలేశాడు. "సంతకం రానోడిని, ఇంగిలీసులో ఉత్తరం రాసీసినానా!" అని రేవంతా వినబడేలా అందరికీ చెప్పుకున్నాడు.

సూరమ్మకి యాభై రెండు మార్కులొచ్చాయి. జక్కయ్య మేష్టారు ఆ కాగితాన్ని తన కొడుకు పాసైనట్టు వీధిలో నలుగురికీ చూపించారు. జూలైలో ఉద్యోగం చేతికొచ్చింది. కాగితాల పని మీద ఆఫీసుకి వెళ్తే గుమాస్తా తలెత్తకుండా, "భర్త పేరు?" అన్నాడు. సూరమ్మ చెయ్యి చాపి అతని పెన్ను తీసుకుని, గడిలో తనే రాసిచ్చింది. రాస్తుంది గానీ అనదు. ఇప్పటికీ అంతే.

కేంద్రంలో టీచరుగా మొదటి రోజు, పిల్లలు వెళ్లిపోయాక, బంగారమ్మ ఖాళీ బుట్టతో సంత నుంచి నేరుగా అక్కడికొచ్చింది. కోడలి కుర్చీ చూసింది, గోడ మీద బొమ్మలు చూసింది, గుమ్మంలోనే కూర్చుంది.

"ఒకటి రాసెట్టు" అంది.

"ఏటత్తా?"

"మీ మావది."

మావ పోయి తొమ్మిదేళ్లయింది. జ్వరమొచ్చి మంచం మీదే పోయాడు. సముద్రం ఏమీ చెయ్యలేదు. ఆ పేరు బంగారమ్మ అనకూడదు, కోడలు సూరమ్మా అనకూడదు. రేషన్ కార్డు మీద చూసిన గుర్తుంది. సూరమ్మ ఒక పలక తీసుకుని, తెలుగులో పెద్దగా, గుండ్రంగా 'అసిరయ్య' అని రాసి అత్త చేతిలో పెట్టింది.

బంగారమ్మ పలకని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పెట్టుకుని చూసింది. సుద్ద చెరిగిపోకుండా అక్షరాల పైనుంచి వేలు నడిపింది.

"ఇదేనేటి?"

"ఇదే అత్తా."

"ముప్పై ఏళ్లు కాపురం సేసినాను. ఒక్కపాలీ అన్నేదు" అంది బంగారమ్మ. "ఇలాగుంటాదన్నమాట." కళ్లు తుడుచుకుంది. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "ఆయనలాగే ఉంది. బొద్దుగా."

సూరమ్మ పలక తుడవడానికి గుడ్డ అందుకోబోయింది. బంగారమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది. తువ్వాలు మడతపెట్టి బుట్టలో పరిచి, దాని మీద పలకని వెల్లకిలా పెట్టి, గాలి తగిలి చెరిగిపోతుందేమోనని బుట్ట నెత్తికెత్తకుండా రెండు చేతుల్తో పొట్టకానించుకుని ఇంటికి నడిచింది.

ఆ పలక మళ్లీ కేంద్రానికి రాలేదు. సూరమ్మ అడగలేదు.