ఖాళీ గడి

జిన్నారం దగ్గరి మందుల ఫ్యాక్టరీలో మా షిఫ్టు ఇన్‌ఛార్జి అక్కది ఒక వింత అలవాటు. పొడి ఆరుతున్నంతసేపూ అందులో తేమ ఎంతుందో మీటరు చూసి కంప్యూటర్లో ఆ అంకె మారుస్తూ ఉండాలి. ఆమె గడిలోని పాత అంకెను ముందే చెరిపేసి, అప్పుడు మీటరు చూడటానికి లేచేది.

"సూసొచ్చి మార్చొచ్చు గదక్కా," అన్నాను ఒకసారి.

"పాతది కండ్లల్ల ఉంటే మీటర్ల గూడ అదే కనవడ్తది తమ్మీ."

ఒకరోజు కొత్త ఆపరేటర్ ఒక బ్యాచ్ పొడి మొత్తం మాడ్చేశాడు. అతన్ని పనిలోంచి తీసేయమని అందరం అన్నాం. మర్నాడు అక్క మళ్ళీ అతనికే మిషన్ అప్పగించింది.

"నిన్న ఏం జేసిండో యాది లేదా అక్కా?" అన్నాను.

"ఇయ్యాల ఎట్ల జేస్తడో సూసొచ్చి చెప్త," అని, రోజూ మీటరు చూడటానికి లేచినట్టే లేచింది.