కడగని ఫోటో

1945 చైత్ర మాసం, ఆదివారం, పగలు పన్నెండు దాటింది. ఉన్నవాళ్లు: నేను, నా భార్య రాజమ్మ, మా అమ్మ. వేరే ఎవరూ లేరు.

ఆ రోజు డైరీలో మొదటి వాక్యాలు ఇవే. దయ్యాలను నేను అంతకుముందు నమ్మలేదు, తర్వాతా నమ్మలేదు. ముప్పై ఏళ్లు అయివారుగా పనిచేసి, పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి. చూసింది చూసినట్టు రాసిపెట్టడం ఒక్కటే నాకు తెలిసిన పని. ఇదీ అట్లాగే రాస్తున్నాను.

మా ఊరు చిత్తూరు రోడ్డు మీద, పూతలపట్టుకు రెండు మైళ్లు. మా నాయన పోయేటప్పటికి ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఏడాది తిరగకముందే, ఆయన తలగుడ్డ కొస ఏ పక్కకు వదిలేవాడని ఇంట్లో వాదులాట వచ్చింది. అమ్మ కుడి అంది, నేను ఎడమ అన్నాను. ఒక మనిషి అంత తొందరగా చెరిగిపోతాడా అని చాలా రోజులు బాధపడ్డాను.

అందుకే, బదిలీ మీద పోతున్న ఒక తోటి అయివారి దగ్గర పాత పెట్టె కెమెరా తీసుకున్నాను. ఇంట్లో రోజూ జరిగేదే తీసిపెట్టాలనుకున్నాను. అమ్మ రాగులు విసరడం, రాజమ్మ కళ్లాపి చల్లడం, అందరూ కూర్చుని చెనక్కాయలు ఒలవడం. ఒక ఫిల్ములో ఎనిమిది బొమ్మలే వస్తాయి. యుద్ధం రోజులు, ఇంకో ఫిల్ము దొరకడం గగనం. బొమ్మ తీయగానే దాని నంబరు, వేళ, అందులో ఎవరున్నారో డైరీలో రాసేవాణ్ణి.

మా పాపకు నాలుగేళ్లు. పేరు మునిలక్ష్మి. పుట్టువెంట్రుకలు తిరుమల స్వామికి ఇస్తామని మొక్కు. అది తీరేదాకా ఫోటో తీయగూడదు, దిష్టి తగులుతుందని అమ్మ పట్టు. నాకు ఆ నమ్మకం లేదు. కానీ పాప ఒక్క క్షణం కుదురుగా ఉండదు, ఫిల్ము చెడుతుంది. అందుకని అమ్మ మాట నాకూ అనుకూలంగానే ఉండింది.

కెమెరా బయటికి తీస్తే చాలు, పాప జడ ముందుకు వేసుకుని వచ్చి నిలబడేది.

"నాయనా, నన్నూ తియ్యి."

"పక్కకు పో పాపా. గుండు కొట్టించినాక తిరపతిలో తీపిస్తాలే."

"గుండుతోనా? థూ! నువ్వే దిగు పో!"

అమ్మా రాజమ్మా పడీపడీ నవ్వేవాళ్లు. నేను మాత్రం పాప పూర్తిగా పక్కకు పోయేదాకా ఆగి, అప్పుడు నొక్కేవాణ్ణి.

తిరుపతి ప్రయాణం రెండుసార్లు వాయిదా వేసింది నేనే. ఒకసారి బడి తనిఖీ, ఒకసారి చెరుకు గానుగ. పుష్య మాసంలో పాపకు జ్వరం వచ్చింది. ఆరు రోజులు. ఆ ఆరు రోజుల డైరీ పుటలు నేను మళ్లీ తెరిచి చూడలేదు.

మూడు నెలలు కెమెరా ముట్టలేదు. ఒక మధ్యాహ్నం రాజమ్మే అడిగింది.

"ఇదో, ఆ బొమ్మల్లో యాడన్నా పాప పడి ఉంటాదా? మొగం లేకపోయినా సరే. ఒక సెయ్యి. పావడ కొస."

ఫిల్ములో ఒక్క బొమ్మ మిగిలి ఉంది. అది కూడా తీసేస్తే ఫిల్ము కడగవచ్చు. వసారాలో చాప మీద కూర్చుని రాజమ్మ చింతపండు గింజ తీస్తుంటే తీశాను. డైరీలో ఇట్లా రాసుకున్నాను: ఎనిమిదోది. రాజమ్మ ఒక్కతే. చాప ఎడమ సగం ఖాళీ.

శనివారం ఫిల్ము కడిగి, ఆరినాక కిటికీ వెలుతురులో భూతద్దం పెట్టి చూశాను. మొదటి ఏడింటిలో పాప చెయ్యి లేదు, పావడ కొస లేదు, నీడ కూడా లేదు. అంత జాగ్రత్తగా తీశాను నేను. ఆ మాట రాజమ్మకు చెప్పలేక, రేపు ఎనిమిదోది అచ్చు వేసి చూపిస్తానన్నాను.

అప్పట్లో మేం ఎండలోనే అచ్చు వేసుకునేవాళ్లం. నెగటివు కింద కాగితం పెట్టి, అద్దం చట్రంలో బిగించి ఎండలో ఉంచితే బొమ్మ మెల్లగా తేలుతుంది. తర్వాత దాన్ని హైపో అనే మందు కలిపిన నీళ్లలో కడగాలి. కడగకపోతే వెలుగు తగిలేకొద్దీ కాగితం అంతా నల్లబడి బొమ్మ పోతుంది. నా దగ్గరున్న హైపో ఫిల్ముకే అయిపోయింది. ఊరికే మచ్చు చూద్దామని ఒక కాగితం పెట్టాను. పెట్టేటప్పుడు ఆ కాగితం తెల్లగా ఉంది. నా కళ్లతో చూశాను.

పది నిమిషాలకు చట్రం నీడలోకి తెచ్చి విప్పాను. చాప మీద రాజమ్మ. ఖాళీగా ఉండాల్సిన ఎడమ సగంలో పాప.

కాళ్లు చాపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎన్నడూ లేనంత కుదురుగా కూర్చుని నా వైపే చూస్తోంది. కాగితం రాజమ్మ చేతికిచ్చాను. "పాప" అంది, అంతే. అమ్మ వంగి చూసింది. వేలితో పాప తల చూపించింది.

"ఒరే నాయనా, సూడు. గుండు కొట్టిచ్చుకోనుండాది."

నిజమే. తల నున్నగా ఉంది. మేం పాపను ఆ జుట్టుతోనే మట్టిలో పెట్టి వచ్చాం.

కాగితం అప్పటికే ఎర్రబారుతోంది. రాజమ్మ చేతిలోంచి తీసుకుని, ఫిల్ముకు చుట్టి వచ్చే నల్ల కాగితంలో మడిచి, పెట్టెలో చీరల అడుగున పెట్టాను. చిత్తూరు బస్సు ఇక తెల్లవారాకే. పొద్దున్నే పోయి హైపో తెస్తాను, అంతవరకు తెరవొద్దు, తెరిస్తే పాప పోతుంది అని రాజమ్మకు రెండుసార్లు చెప్పాను. తల ఊపింది.

ఆ నెగటివును తర్వాత ఎన్నోసార్లు అచ్చు వేశాను. ప్రతిసారీ రాజమ్మ, ఖాళీ చాప. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడి ఉంటుందని ఒక స్నేహితుడు అన్నాడు. అట్లయితే నెగటివులో కనిపించాలి గదా. దుఃఖంలో కళ్లు మోసపోయాయంటే కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ అమ్మ ఆ మాట అనకముందే నేనూ గుండునే చూశాను.

మరునాడు పొద్దున బస్సు వేళకు చొక్కా తొడుక్కుని పెట్టె తెరిచాను. నల్ల కాగితం ఉంది. లోపల ఏమీ లేదు.

రాజమ్మ పెరటి మెట్టు మీద లేత ఎండలో కూర్చుని ఉంది. ఒళ్లో ఆ కాగితం. ఈ మూల నుంచి ఆ మూలకు మాడిన బెల్లం రంగు. చాప లేదు, రాజమ్మ లేదు, పాప లేదు.

"ఎందుకు తీసినావు?" అన్నాను. గొంతు పెంచలేదు.

ఆమె తల ఎత్తలేదు.

"రేత్రంతా ఆ పెట్టెలోనే ఉండాది గదా. సీకట్లో బయపడతాదని తీసినా."

బస్సు హారన్ కొట్టుకుంటూ చిత్తూరు వైపు పోయింది. నేను ఎక్కలేదు.