సమాధానపడటానికి వెళ్ళిన సాయంత్రం

మా నాన్న చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. చెప్పు, గరిటె, ఓసారి గొడుగు. కూరలో ఉప్పు తగ్గితే చాలు, కంచం గోడకు తగిలేది. అమ్మ జబ్బల మీద తేలిన తట్లు ఆదివారం నాటికి చీరకొంగు కిందికి చేరేవి. అలాంటి మనిషి, రాజోలు దగ్గర మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు మాత్రం పిల్లిలా లేచి బయటికి జారుకునేవాడు. తాగుడు వల్ల సిగ్గుపడుతున్నాడని సంఘమంతా అనుకుంది. మేమూ అదే అనుకున్నాం.

నేను టీచరుగా చేరిన ఏడాది, ఓ ఆదివారం సాక్ష్యాలు చెబుతుండగా నాన్న లేచి నిలబడ్డాడు. తొంభైల మొదట్లో, చేలకు నీళ్ళు పారే బోదె దగ్గర తగాదాపడి, పక్క చేను రైతును వెనకనుంచి పారతో నరికింది తనేనని చెప్పాడు. ఆ రైతు బురదలో బోర్లా పడ్డాడు, కొట్టిందెవరో చూడలేదు. భుజం తెగిన కుడిచెయ్యి ఇప్పటికీ వేలాడుతూనే ఉంటుంది. చర్చిలో చాలామంది ఏడ్చారు, నాన్న కూడా ఏడ్చాడు. ఇంటికొచ్చి అమ్మకు తన చేత్తో అన్నం వడ్డించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ మా వీపుల మీద మోపిన బరువును దేవుడికి అప్పగించేసి చేతులు దులుపుకున్నాడు.

కానీ పాస్టరుగారు బల్ల ఇవ్వలేదు. ముందు ఆ రైతుతో సమాధానపడి రమ్మన్నారు. మా క్రైస్తవుల వాడుకలో ఆ మాటకు పగ వదిలి ఒకటవ్వడమని అర్థం. బయటివాళ్ళకు అది వేరేలా వినిపిస్తుందని మాకెవరికీ తట్టలేదు.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. రైతు పెరట్లో ఎడమచేత్తో కొబ్బరి మట్టలు పేరుస్తున్నాడు. నాన్న చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పి, "తమతో సమాధానపడదామని వచ్చేనండి" అన్నాడు.

"సమాధానమా? నిన్నెప్పుడడిగేను?" అన్నాడాయన. "అడిగింది మా తమ్ముణ్ణి."

అప్పట్లో అన్నదమ్ములకు గట్టు తగువు ఉండేది. నరికింది తమ్ముడేనని నమ్మి, గాయం మానగానే ఈయన అతన్ని మనుషుల చేత పట్టించి, ఎడమచేత్తోనే గడ్డపార ఎత్తి మోకాలు చితక్కొట్టాడట. నేను కాదన్నయ్యా అని అరుస్తుంటే నోట్లో తువ్వాలు కుక్కించాడట. కుంటుకుంటూ ఊరు వదిలిన తమ్ముడు మళ్ళీ ఆ గడప తొక్కకుండానే కిందటేడు పోయాడు.

రైతు చెప్పడం ఆపి మట్ట అందుకున్నాడు. మొదటి దెబ్బకే నాన్న చెవి చీరుకుపోయి రక్తం చొక్కా మీదికి కారింది. రెండో దెబ్బకు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నేను అడ్డం వెళ్తే నాన్నే నన్ను తోసేశాడు. "కొట్టండి, ఆయ్, కొట్టండి" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ ముఖంలో హాయి కనిపించింది. రైతు కూడా అది చూశాడు. ఎత్తిన మట్ట అలాగే ఆగిపోయింది.

"కొడితే నీకింకా తేలికవుద్ది" అన్నాడు. "నన్ను కొట్టాల్సినోడు పోయేడు. నేనెవరి కాళ్ళమీద పడనయ్యా?"