లూదియా లెక్కపెట్టిన కదలికలు

ఆళ్లగడ్డలో లూదియా తిరిగే వీధుల్లో ఆమెను ఎరగని గర్భిణి లేదు. పదకొండేళ్లుగా ఆశా కార్యకర్త. ఎవరికి రక్తం తక్కువ, ఎవరికి బీపీ ఎక్కువ, ఎవరిని నంద్యాలకు పంపాలి, అన్నీ కార్డు చూడకుండానే చెప్పేది. ఆమె వెంట కాన్పుకు వెళ్లిన ఆడవాళ్లు బిడ్డలతో తిరిగొచ్చారు. ఆమె మాత్రం రెండుసార్లు ఒట్టి చేతులతో వచ్చింది. రెండుసార్లూ ఏడో నెలే. రెండోసారి పుట్టిన మగబిడ్డ ఒక్క పూట బతికాడు.

ముప్పై ఆరో ఏట మళ్లీ నెల తప్పింది. మూడు నెలలు నిండేదాకా భర్తకు కూడా చెప్పలేదు. జయరాజు శిల్పాల దుకాణంలో రాళ్లను నునుపు చేసే పని చేస్తాడు. నాలుగో నెల రాగానే అతనికి చెప్పింది.

"ఎవురికీ చెప్పొద్దప్పా," అంది లూదియా. "మల్లా అందరూ ఓదార్చేదానికి వస్తారు."

భయపడే ఆడవాళ్లకు రోజూ చెప్పే 'ఏం కాదులేమ్మా' అన్న మాట ఆమె తనకు తాను చెప్పుకోలేకపోయింది. ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఆరో నెల చివర్లో ఒక పొద్దున వేళ్లు వాచి ఉంగరం ఊడిరాలేదు. తన దగ్గరున్న మిషన్‌తో తానే బీపీ చూసుకుంది. నూట డెబ్బై. కాసేపాగి మళ్లీ చూసింది. తగ్గలేదు.

ఆ పూటే నంద్యాల ఆస్పత్రిలో చేర్చుకున్నారు. డాక్టర్ శ్రీవాణి స్కానింగ్ చూసి దాచకుండా చెప్పింది. "బిడ్డకు రక్తం సరిగా అందడం లేదు. లోపల ఎన్ని రోజులుంటే అంత మంచిది. నీ ప్రాణం మీదికొస్తే మాత్రం నేను ఆగను."

ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం, బిడ్డ కదలికలు లెక్కపెట్టడం, ఇరవై రెండు రోజులు అదే పని. మొదట్లో గంటలో పది వచ్చేవి. తర్వాత రెండు గంటలు పట్టేది. పక్క మంచం మీద నలుగురు మారారు. ఊరి నుంచి ఫోన్లు వచ్చేవి.

"అక్కా, నాకు కాళ్లు వాచినాయి, ఏం జేయల్ల?"

పడుకునే జవాబు చెప్పేది.

సాయంత్రం జయరాజు కనుబొమల మీద రాతిపొడితోనే వచ్చేవాడు. "ఈ పొద్దు ఎన్నిసార్లు కదిలింది?"

"పది," ఒకరోజు అంది ఆమె. ఆ రోజు రెండు గంటల్లో వచ్చినవి ఆరే.

ఇరవై మూడో రోజు టిఫిన్ తిన్నాక రెండు గంటల్లో మూడే వచ్చాయి. నర్సును పిలవాలని తెలుసు. పిలిస్తే కడుపు కోస్తారు, ఈ బిడ్డ ఇంకా పిడికెడంత లేదు. ఇంకొక్క కదలిక కోసం గంటసేపు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని చూసింది. రాలేదు. అప్పుడు పిలిచింది.

ఆడపిల్ల. ఎనిమిదొందల ఇరవై గ్రాములు. ఏడుపు వినిపించలేదు. గొట్టాలు పెట్టి అద్దాల పెట్టెలో ఉంచారు. ఆ గంట ఆలస్యం గురించి లూదియా ఎవరికీ చెప్పలేదు.

"ఒక్కసారి వచ్చి సూడు," అని జయరాజు మూడు రోజులు బతిమాలాడు.

"సూడను. సూస్తే మల్లా మర్చిపోవల్ల. నాతో కాదు." గోడ వైపు తిరిగింది.

నాలుగో రోజు నర్సు మేరీ చిన్న గిన్నె తెచ్చి మంచం మీద పెట్టింది. "రెండు మిల్లీలీటర్ల పాలు చాలు అక్కా. పాపకు ఆకలవుతుంది."

లూదియా ఏడుస్తూనే పాలు పిండింది. గిన్నెను ఇంకొకరి చేతికివ్వక తానే పట్టుకుని పాప దగ్గరికి నడిచింది.

తర్వాత యాభై ఎనిమిది రోజులు. రెండుసార్లు పాప ఊపిరి ఆగింది. రెండుసార్లూ అద్దం బయట నిలబడి, ఇక అయిపోయిందనే అనుకుంది. అయిపోలేదు. కిలో ఏడొందలకు వచ్చాక ఇంటికి పంపారు. నెలలు నిండకుండా పుట్టినందువల్ల కుడి కంటికి చూపు ఉంటుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఊళ్లో ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చారు. ఎదురింటి కమలాక్షమ్మ అడిగింది, "పాప ఎట్లుంది లూదియా?"

"ఈ పొద్దుకు ఉందమ్మా."

చెప్పేసి లోపలికి వెళ్లి, నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.