రెండంగుళాల దూరంలో

రెండేళ్ళ మూడు నెలల క్రితం, ఫిల్మ్ నగర్ నుంచి టోలిచౌకి వెళ్ళే బస్సులో నా పక్కన ఒక సినిమా ఫైటర్ కూర్చున్నాడు. "శనివారం కొచ్చిల ఫుట్‌బాల్ మ్యాచ్. నువ్వు ఇంట్లనే ఉండు తమ్మీ, గాళ్ళని నేను చూస్త" అని ఫోన్ పెట్టేశాడు.

"ఫుట్‌బాల్ చూడ్డానికి ఇంత కోపమా నాయనా?" అన్నాను.

"పోయినసారి మన హైదరాబాదోళ్ళు గెలిస్తే గా కొచ్చి ఫ్యాన్స్ మా మీద పడ్డరమ్మా. నేను గుద్దిన. షూటింగ్ల తగలకుంట కొట్టుడు అలవాటు గద, చెయ్యి వాని మూతికి రెండంగుళాల దూరంల ఆగింది. అంతల్నే వాడు మా తమ్ముని కన్ను పొడిచిండు."

"మళ్ళీ ఆగితే?"

అతను ముందు సీటు ఇనుప కడ్డీని బలంగా గుద్దాడు. నెత్తురు నా చీర మీద పడింది.

"ఆగదు" అన్నాడు.

అతని రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు. మ్యాచ్‌కు నాలుగు రోజులే ఉన్నాయి. విరిగిన ఎముక అతకడానికి ఆరు వారాలైనా పడుతుంది. ఆ సంగతి చెప్పకుండా, కట్టుకోమని నా రుమాలు ఇచ్చాను.